పద్నాలుగు మంది పిల్లలు, ఒక మే నెల

కోరుట్లలో ఏడో తరగతి దాకా నడిచే ఒక చిన్న ప్రైవేటు బడి ఉంది. పేరు అక్కర్లేదు. అలాంటివి కోరుట్లలో, మెట్‌పల్లిలో, జగిత్యాలలో సందుకొకటి కనిపిస్తాయి: రెండంతస్తుల ఇల్లు, పైన రేకుల షెడ్డు, గోడ మీద సరస్వతి, పక్కన ఫస్టొచ్చిన పిల్లల ఫ్లెక్సీ. ఆ బడి నడిపే ఆయన, చదువులో వెనకబడ్డ పిల్లలకు ఈ వేసవిలో నెల రోజులు క్లాసులు పెడతానన్నాడు. ఆయన అక్కను చేసుకున్న బావది సిరిసిల్ల. సర్కారు బడిలో లెక్కల సారుగా చేరి హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. పెట్టొద్దన్నాడు. జగిత్యాలలో చుట్టాల పెళ్లిలో, భోజనాలయ్యాక కూలర్ల ముందు కూలబడి ఇద్దరూ పెట్టుకున్న వాదం ఇది. నేను ఇద్దరికీ కావలసినవాణ్ణే కనుక ఊరికే విందామనుకున్నాను. నోరు ఊరుకోలేదు, మధ్యలో దూరాను. ఆ ముక్కలూ ఇందులో ఉన్నాయి.

బామ్మర్ది: పద్నాలుగు మంది బావా. మూడో తరగతి నుంచి ఆరు దాకా. జూన్ 12 నాడు బడి తెరిస్తె పై తరగతిల కూసుంటరు. కిందిదే రాకపాయె, పైది ఏం సదువుతరు? పొద్దుగాల ఏడున్నరకు రమ్మంట, పదింటికి ఇడిసిపెడ్త. ఎండ ముదిరేసరికి ఇంట్ల ఉంటరు. ఇందుల తప్పేమున్నది?

బావ: తప్పు సంగతి తర్వాత. పద్నాలుగు మంది అని నీకు ఎప్పుడు తెలిసింది?

బామ్మర్ది: అంటే?

బావ: మొన్న ఏప్రిల్ల తెలిసిందా, నిరుడు జూలైల తెలిసిందా? జూన్ల బడి తెరిచిన కాంచి ఏప్రిల్ 23 దాక ఆ పోరగాండ్లు నీ బడిలనే ఉండిరి. పది నెలలల్ల రానిది నెల రోజులల్ల ఎట్ల వస్తది? నువ్వు చెయ్యని పనికి వాళ్ల సెలవులు కోస్తున్నవు.

బామ్మర్ది: నీ సర్కారు బళ్లె అందరికి వస్తున్నదా ఏంది?

బావ: రాలే. అందుకే తొలిమెట్టు అని పెట్టిండ్రు 2022ల. ఒకటి నుంచి అయిదు దాకా సదువుడు, రాసుడు, చిన్న లెక్కలు, అదే పని. తర్వాత పైతరగతులకు ఉన్నతి అని తెచ్చిండ్రు. అది ఎంత నడిసింది, ఎంత కాయితం మీద మిగిలింది, నాకు ఎరుకే. కని పిల్లలకు రాదు అని సర్కారు ఒప్పుకున్నది. నువ్వు ఒప్పుకున్నవా?

బామ్మర్ది: మాకు తొలిమెట్టు ట్రైనింగ్ ఎవరిచ్చిండ్రు? మీ టీచర్లకు పుస్తకాలు, మాడ్యూళ్లు, సీఆర్పీలు. మా టీచరమ్మకు ఒక చాక్‌పీసు డబ్బ. డిగ్రీ అయిపోయి పెండ్లి కాకముందు రెండేండ్లు చేస్తది, పోతది. మల్ల కొత్త పిల్ల వస్తది. నేను ఎన్నని నేర్పాలె?

బావ: అవు, గది నిజమే.

(ఇక్కడ ఒక మాట నాది. వాదం ఎక్కడ జరుగుతున్నదో పాఠకులు మరిచిపోకూడదు. జగిత్యాల కొత్త జిల్లా అయింది 2016 దసరాకు. ఆ తర్వాత పదో తరగతి ఫలితాల్లో 2017, 2018, 2019, వరసగా మూడేళ్లు రాష్ట్రంలో ఫస్టు. 2019లో అయితే 99.73 శాతం, ఆ ఏడు రాష్ట్రం మొత్తం మీద 92.43. అంటే ఆ ఏడు ఈ జిల్లాలో పది తప్పిన పిల్లవాడు దొరకడమే కష్టమైంది. అలాంటి చోట ఒక చిన్న బడి ఆయన ‘నా దగ్గర పద్నాలుగు మందికి చదవరాదు’ అనడం చిన్న సంగతి కాదు.)

బామ్మర్ది: అదే చెప్తున్న. మన జిల్లల పదో తరగతి పిల్లలకు పొద్దుగాల స్పెషల్ క్లాస్, సాయంత్రం స్పెషల్ క్లాస్, మధ్యల అటుకులు, పల్లిపట్టి. తప్పినోళ్లకు సప్లిమెంటరీ. రిజల్టు ఏప్రిల్ ఆఖరుకు, పరీక్ష జూన్ 3 నుంచి, నడుమ మే నెలంత కోచింగు. దానికి ఎవ్వరు ఏమనరు. తొమ్మిది పాసయిన పిల్లలకు మే నెలలనే పదో తరగతి సిలబస్ సురువు చేస్తరు, దానికి ఎవ్వరు ఏమనరు. మూడో తరగతి పోరనికి గుణింతాలు చెప్త అంటెనే నీకు బాలల హక్కులు యాదికొస్తయి.

బావ: ఎందుకు ఏమనరు? సెలవులల్ల క్లాసులు పెట్టొద్దని ప్రతి ఏడు ఆర్డర్ వస్తది. డీఈవో ఆఫీసుల మీ బోటోళ్ల మీద ఫిర్యాదులు పోతయి. గందుకే కదా నువ్వు బోర్డు మీద ‘సమ్మర్ క్యాంప్’ అని రాయించింది.

బామ్మర్ది: గది ఎవరు చెప్పిండ్రు నీకు?

బావ: మీ అక్క.

ఎండ సంగతి బావ గట్టిగానే పట్టుకున్నాడు. అందులో అతిశయోక్తి లేదు. గోదావరి గట్టున ధర్మపురి నుంచి ఇటు కోరుట్ల దాకా మేలో 45 డిగ్రీలు దాటే రోజులు పేపరుకు మామూలు వార్త. మార్చి సగంలోనే ఒంటిపూట బడులు పెట్టేది అందుకే. రేకుల షెడ్డు పొద్దున తొమ్మిదింటికే కాగుతుంది. కింది గదుల్లో కూర్చోబెడతానని, కుండలు పెట్టిస్తానని బామ్మర్ది అన్నాడు. ఎండ గురించి అంతకన్నా సాగలేదు. అసలు గొడవ వేరే ఉందని ఇద్దరికీ తెలుసు.

బావ: సరే, వాళ్లకు రాదు రాదు అంటున్నవు. ఏం రాదు? ఎక్కడ ఆగిండ్రు? అది చెప్పు.

బామ్మర్ది: ఒకని ముచ్చట చెప్త. అయిదో తరగతి. ఇంగ్లిష్ రీడర్ తీసి సదువుమన్న. గడగడ సదివిండు. కింద ఏలు కూడ పెట్టుకుంట సదివిండు. నేను సంబురపడ్డ. జర వంగి చూద్దును గద, ఏలు మూడో లైన్ల ఉన్నది, నోరు అయిదో లైన్ల ఉన్నది. పాఠం మొత్తం పక్కోళ్లు సదువుతుంటె ఇని పట్టుకున్నడు. అదే పుస్తకంల తర్వాతి పాఠం తీసి పెట్టిన. మొదటి మాట కాడ్నే బొమ్మ దిక్కు చూసిండు. బొమ్మల ఏనుగు ఉన్నది. ‘ఎలిఫెంట్’ అన్నడు. అక్కడ రాసున్నది ‘వన్స్’.

బావ: తెలివిగల్లోడు.

బామ్మర్ది: తెలివిగల్లోడే! అయిదేండ్లు మమ్ముల మోసం చేసిండు.

బావ: వాడు మిమ్ముల మోసం చెయ్యలే. మీరు అడిగింది ఇచ్చిండు. మీరు అడిగింది అప్పజెప్పుడు, వాడు అప్పజెప్పిండు. లెక్కల బుక్కు చూసినవా వానిది? నేను చూడకనే చెప్త. 52లకెల్లి 17 తీసెయ్యి అంటె 45 అని ఉంటది.

బామ్మర్ది: ఏమో, చూడలే.

బావ: నలభై ఏండ్ల సంది చూస్తున్న. ఏడులకెల్లి రెండు తీసిండు, అయిదు. అయిదులకెల్లి ఒకటి తీసిండు, నాలుగు. తీసివేత అంటె పెద్ద దాంట్లకెల్లి చిన్నది తీసుడు అని వానికి రెండో తరగతిల ఎవరో చెప్పిండ్రు. వాడు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నడు. మీ టీచరమ్మ దాని మీద ఇంటు పెట్టి పేజీ తిప్పుతది. అట్ల నూరు ఇంట్లు పడ్డా వానికి తెల్వది, తాను చేసిన తప్పేందో. ఒక పూట కూసొని పది పుల్లలకు ఒక కట్ట కట్టి, అయిదు కట్టలు రెండు పుల్లలు ముంగట పెట్టి, ఏడు పుల్లలు తీయరా అంటె, రెండే ఉన్నయ్ సార్, కట్ట ఇప్పాల్నా అని వాడే అడుగుతడు. ఇది మే నెల పనా? ఆగస్టుల ఒక శనివారం పని.

బామ్మర్ది: ఆగస్టుల శనివారం ఎక్కడిది బావా? ఆగస్టుల యూనిట్ టెస్టు, జెండా పండుగ, సిలబస్ ఎనకపడ్డదని పేరెంట్ల ఫోన్లు. ముప్పై అయిదు మంది క్లాసుల ముగ్గురి కోసం పుల్లల కట్టలు ఇప్పుకుంట కూసుంటె మిగిలిన ముప్పై రెండు మంది తల్లులు నా ఆఫీసు రూముల ఉంటరు. ఆ ముగ్గురికి నేను ఇయ్యగలిగిన టైము మే నెలనే. అందుకే పెడ్తున్న.

ఈ జవాబుకు బావ కాసేపు తల ఊపాడు. నాకూ ఇది బలమైన మాటగానే తోచింది. నడిచే బస్సులోంచి దిగి టైరు మార్చలేరు కదా. సిలబస్ ఆగేది సెలవుల్లోనే. కానీ ఆ నెల రోజుల్లో ఏం చెబుతాడన్నది తేలలేదు. బామ్మర్ది జేబులోంచి టైంటేబుల్ తీశాడు: తెలుగు, ఇంగ్లిష్, మ్యాథ్స్, ఈవీఎస్. మూడో తరగతి వాళ్లకు మూడో తరగతి పుస్తకం మళ్లీ మొదటి నుంచి, ఆరో తరగతి వాళ్లకు ఆరో తరగతి పుస్తకం.

బావ: రాని పుస్తకమే మల్లొక్కసారి చెప్తవా? పది నెలలు చెప్పి రానిది అదే కదా! పద్నాలుగు మందిని తరగతి చూసి కూసోబెట్టుడు కాదు, వచ్చింది చూసి కూసోబెట్టాలె. అక్షరాలు రానోళ్లు ఒక దిక్కు, అక్షరాలొచ్చి మాటలు రానోళ్లు ఒక దిక్కు, మాటలొచ్చి కత సదువరానోళ్లు ఒక దిక్కు. ఆరో తరగతోడు మూడో తరగతోని పక్కన కూసుంటడు. కూసోనీ. ప్రథమ్ వాళ్లు ఇట్లనే చేస్తరు, ఊరూరికి తిరిగి. ఒక కాయితం మీద నాలుగు లైన్ల పేరా సదివిచ్చి, వాడు ఏ మెట్టు మీద ఉన్నడో చూసి, అక్కడ్నుంచి.

బామ్మర్ది: ఆరో తరగతి పిల్లను మూడో తరగతి పోరల పక్కన కూసోబెడితె తెల్లారి రాదు.

బావ: పుస్తకం పెడితె రాదు. బీడీ కట్ట పెట్టు, వస్తది.

బామ్మర్ది: గదేంది?

బావ: నువ్వే అంటివి కదా నిన్న ఫోన్ల, ఒక పిల్ల తల్లి బీడీలు చేస్తదని.

బామ్మర్ది: అవును, ఆరో తరగతి పిల్ల. తల్లి చాట ముంగటేసుకొని కూసుంటె ఈ పిల్ల కట్టలు కడ్తది, లెక్క రాస్తది. కట్టకు 25, వెయ్యికి 40 కట్టలు, నిద్రల లేపి అడిగినా చెప్తది. కంపెనీ కాడ ఎన్ని తీసేసిండ్రు, ఎన్ని లెక్కకొచ్చినయి, తల్లికి ఆ పిల్లనే చెప్పాలె. క్లాసుల వెయ్యిని 25తోటి భాగించుమంటె పెన్ను కొరుకుతది.

బావ: మరి ఆ పిల్లకు భాగాహారం రాదు అని ఎట్ల రాసినవు?

బామ్మర్ది దీనికి నవ్వాడు, కానీ వెంటనే సంగతిని ఇంకో వైపు తిప్పాడు. తిప్పడం న్యాయమే అనిపించింది.

బామ్మర్ది: బావా, నువ్వు సెలవులు సెలవులు అంటున్నవు. ఆ పిల్లకు సెలవులంటె ఏంది? పొద్దంత చాట కాడ కూసునుడు. నువ్వు సిరిసిల్లోనివి, నీకు తెల్వదా? నీ ఎండకాలం సెలవులు ఎట్ల పోయినయి?

బావ: కండెలు చుట్టుకుంట పోయినయి. నేను హైస్కూలుకు వచ్చేసరికి మా వాడకు సాంచాలు దిగినయి. సాంచల చప్పుట్ల మా బాపు ఏమంటుండో ఇనపడేది కాదు, చెయ్యి ఊపితె అర్థం చేసుకునేది. సెలవులల్ల వారం లెక్కన పైసలిచ్చేది సేటు. అవి మా అమ్మకిచ్చేది.

బామ్మర్ది: గిప్పుడు చెప్పు. నేను నెల రోజులు పొద్దుగాల రెండున్నర గంటలు బడి పెడితె, ఆ రెండున్నర గంటలన్న చాట కాడ కూసోదు కదా? రంగారెడ్డి జిల్లల ఎంవీ ఫౌండేషన్ వాళ్లు చేసింది ఏంది? శాంతా సిన్హా మేడంకు మెగసెసే అవార్డు ఎందుకొచ్చింది? పనికి పొయ్యే పిల్లలను తీసుకొచ్చి శిబిరాలల్ల పెట్టి, బ్రిడ్జి కోర్సు చెప్పి, వాళ్ల ఈడు పిల్లలు సదివే తరగతిల కూసోబెట్టిండ్రు. క్యాంపు తోటి కాదు అంటవేంది?

బావ: క్యాంపు తోటి కాదు అన్లే. ఆ క్యాంపులు రాత్రింబగళ్లు, నెలల తరబడి. పాటలు, ఆటలు, పిల్లలు చెప్పిన ముచ్చట్లే రాసి, అవే సదివిచ్చుడు. పాఠ్యపుస్తకం ఆఖరుకు. ఇంకొకటి, ఆ పిల్లలు పైసలు కట్టలే. నువ్వు ఎంత తీసుకుంటున్నవు?

బామ్మర్ది: వెయ్యి.

బావ: అంటె పది నెలలు ఫీజు తీసుకొని నేర్పకపోతివి, నేర్పలేదని ఇంకో వెయ్యి.

బామ్మర్ది: అట్లనకు బావా. టీచర్లకు ఇయ్యాల్నా వద్దా? మే నెల జీతం ప్రైవేటుల ఎవ్వరియ్యరు, నీకు ఎరుకే. పది నెలల జీతం, రెండు నెలలు ఆకాశం దిక్కు చూసుడు. కరోనప్పుడు 2021ల సర్కారు నెలకు రెండువేలు, 25 కిలోల బియ్యం ఇస్తె మా టీచర్లు లైన్ల నిలవడ్డరు. ఆ ఫోటోలు పేపర్ల చూసి నాకు అన్నం దిగలే. ఈ వెయ్యి వెయ్యి కలిపితె ఇద్దరు టీచర్లకు సగం జీతమన్న అయితది.

బావ: మే నెలల మీ టీచర్లు ఊకెనే ఉంటరా? ఇల్లిల్లు తిరిగి పాంప్లెట్లు పంచుతరు, అడ్మిషన్లు తెమ్మని. దానికి ఎంతిస్తున్నవు?

బామ్మర్ది దీనికి జవాబివ్వలేదు. మండుటెండలో నెత్తిన చున్నీ వేసుకుని, సంచిలో కరపత్రాలతో ఊళ్లలో గడప గడపా తొక్కే టీచరమ్మలను మే నెలలో ఈ జిల్లాలో చూడని వాళ్లుండరు. ఒకరు తలుపు వేసిన ఇంటికే సాయంత్రం ఇంకో బడి వాళ్లు వస్తారు. అడ్మిషన్ తెస్తే ఇంత అని కొన్నిచోట్ల లెక్క ఉంటుంది, కొన్నిచోట్ల అదీ ఉండదు.

తర్వాత మాట డల్లాస్‌కు పోయింది. బావ కూతురు అక్కడే ఉంటుంది. మనుమనికి బడి వాళ్లే వేసవిలో రమ్మని ఉత్తరం పంపారట, అక్కడ అందరికీ మంచి జరుగుతుందట, ఇక్కడెందుకు కాదని బామ్మర్ది వాదన. ఇక్కడ నేను కలగజేసుకున్నాను. చదివింది చెప్పాను. సెలవుల్లో పిల్లలు చదువు మరిచిపోతారని అమెరికాలో 1996లో హ్యారిస్ కూపర్, ఆయనతోటి వాళ్లు పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి చెప్పారు, సుమారు నెల చదువు పోతుందని. లెక్కల్లో ఎక్కువ పోతుందని. ఈ మధ్య కొందరు ఆ లెక్క కట్టిన తీరే సరిగా లేదన్నారు. అది అలా ఉంచితే, 2011 నుంచి ర్యాండ్ సంస్థ వాళ్లు అయిదు నగరాల్లో వేసవి బడులను ఏళ్ల తరబడి చూశారు. అందులో డల్లాస్ కూడా ఉంది. అయిదారు వారాల బడి, ఫీజు లేదు, బస్సు వాళ్లదే, అన్నం వాళ్లదే, సగం రోజు చదువు, సగం రోజు ఆటలు. బాగుపడింది ఎవరంటే, ఇరవై రోజులకు తక్కువ కాకుండా వచ్చిన పిల్లలు. పేరు రాయించి అప్పుడప్పుడు వచ్చిన వాళ్లకు పెద్దగా ఒరిగింది లేదు.

బావ: ఇన్నవా? ఫీజు లేదు, బస్సు వాళ్లదే, అన్నం వాళ్లదే.

బామ్మర్ది: ఇరవై రోజులు తక్కువ కాకుండ వస్తె బాగుపడ్తరు అన్నడు. అది కూడ ఇన్న.

బావ: వస్తరా మరి? మే నెలల పెండ్లిళ్లు, కొండగట్టు జయంతి, అమ్మమ్మ ఇల్లు. పద్నాలుగు మందిల తండ్రులు గల్ఫ్‌ల ఉన్నోళ్లు ఎందరు?

బామ్మర్ది: అయిదుగురు. ఇద్దరు దుబాయ్, ఇద్దరు మస్కట్, ఒకరు సౌదీ. ఇంట్ల సదివిచ్చేటోళ్లు లేకనే కదా వాళ్లు ఎనకపడ్డది. తల్లి ఫోన్ల చూపిస్తది హోంవర్కు, తండ్రి అక్కడ క్యాంపు రూముల మంచం మీద పండుకొని చూస్తడు. ఆయనకు ఇంగ్లిష్ రాదు. ‘మంచిగ సదువు బిడ్డా’ అంటడు, గంతే.

బావ: అందుల ఎవలన్న మే నెలల లీవు మీద వస్తున్నరా?

బామ్మర్ది: ఒకాయన వస్తుండు. మూడేండ్లయింది. నలభై రోజుల లీవు.

బావ: ఆయన కొడుకును నువ్వు పొద్దుగాల ఏడున్నరకు లేపి బడికి రమ్మంటవు.

బామ్మర్ది: ఆ పోరణ్ణి రమ్మన బావా. నేను అంత కసాయోణ్ణా?

బావ: రమ్మనకపోతె వాడు జూన్ల మల్ల అట్లనే కూసుంటడు.

(బావ ఇక్కడ తన వాదం తానే కోసుకున్నాడని నేను గమనించాను. బామ్మర్ది గమనించలేదు. ఇంకో సంగతి: సెలవులు పిల్లలకు చదువుకన్నా ఎక్కువ ఇస్తాయని చెప్పడానికి బావ సినారెను తెచ్చాడు. హనుమాజీపేట పిల్లవాడు, సిరిసిల్లలో, కరీంనగర్‌లో చదువంతా ఉర్దూ మీడియంలో, తెలుగు మీద ఇష్టం పుట్టింది ఊళ్లో హరికథలు, జంగం కథలు, పాటలు వినే, చివరికి జ్ఞానపీఠ్ దాకా పోయాడని. వాస్తవమే. అయితే బామ్మర్ది ‘మా పోరలు ఇనేది జంగం కతలు కాదు బావా, రీల్స్’ అనడంతో ఆ పాయింటు అక్కడే పడిపోయింది. పడాల్సిందే, సినారె లాంటి వాణ్ణి చూపించి పద్నాలుగు మంది మామూలు పిల్లల గురించి ఏదీ తేల్చలేం.)

బామ్మర్ది: కేంద్రం కూడ ఇదే అంటున్నది. 2024 డిసెంబర్ల రూల్ మార్చిండ్రు. అయిదుల, ఎనిమిదిల తప్పినోళ్లకు రెండు నెలల లోపట మల్ల పరీక్ష పెట్టాలె, అప్పటి దాక అదనంగ చెప్పాలె అని. ఎవలికి ఏం రాదో రాసి పెట్టుకోవాలె అని.

బావ: సెంట్రల్ స్కూళ్లకు. సరే, మంచిదే. ఆఖర్న ఏమన్నవు? ఎవలికి ఏం రాదో రాసి పెట్టుకోవాలె. నీ పద్నాలుగు మంది ప్రోగ్రెస్ కార్డులు ఉన్నయా? నిరుటి తెలుగుల, ఆ ఏలు ఒక దిక్కు నోరు ఒక దిక్కు పోరనికి ఎన్ని మార్కులు వేసిండ్రు?

బామ్మర్ది: ...

బావ: చెప్పు.

బామ్మర్ది: డెబ్బై ఎనిమిది.

బావ: నూటికి.

బామ్మర్ది: నూటికే.

బావ: ఇగో, నా లొల్లంత ఇక్కడ. నువ్వు మే నెల బడి పెట్టు, రెండు నెలలు పెట్టు, నాకేం పోయింది? కని ఆ పిలగాని తల్లికి ఏం చెప్పి పిలిచినవు?

బామ్మర్ది: స్పోకెన్ ఇంగ్లిష్ క్యాంప్ అని చెప్పిన.

బావ: బడి వాళ్లు డెబ్బై ఎనిమిది అంటరు, కొడుకు ఇంగ్లిష్ నేర్సుకునేందుకు పోతున్నడని తల్లి అనుకుంటది. మస్కట్ల తండ్రికి ఫోన్ చేసి చెప్తది, క్యాంపుకు పోతున్నడు అని. వాడు అక్షరాలు కూడబలుక్కుంట కూసుంటడు. ఏ ఒక్కరికీ ఎరుక లేకుండ నువ్వు చాటుకు వైద్యం చేస్తనంటున్నవు.

బామ్మర్ది: చాటుకు చెయ్యకపోతె ఎట్ల బావా! నిజం రాస్తె ఏమైతదో నీకు ఎరుకేనా? మీ సర్కారు బళ్లె నిజం రాస్తె సారుకు ట్రాన్స్‌ఫర్ కూడ కాదు. నా కాడ నిజం రాస్తె తెల్లారి టీసీ అడుగుతరు. జగిత్యాల నుంచి పెద్ద స్కూల్ వ్యాన్ మా సందు దాక వస్తున్నది ఇప్పుడు. వాళ్ల టీచర్లు పోయి ఏమంటరు? ‘అక్కడ చెప్పరు అమ్మా, మా దగ్గరికి పంపు’ అంటరు. అక్కడికి పోయినంక వాళ్లు వేస్తరు ఎనభై అయిదు. పిలగాడు పోతడు, వాని చెల్లె పోతది, పక్కింటి పిల్ల పోతది. పద్నాలుగు మందికి రాసిన్నంటె ఇరవై అయిదు మంది పోతరు. నా బడి నిలవడ్తదా?

బావ: ఎనభై అయిదు వేస్తరని నీకెట్ల తెలుసు?

బామ్మర్ది: నేను ఎందుకు డెబ్బై ఎనిమిది వేసిన్నో, వాళ్లు గందుకే వేస్తరు.

ఈ ఒక్క మాటకు నేను రాసుకునే కాగితం మీద గీత గీశాను. బామ్మర్ది చెడ్డవాడు కాదు. బడి మూత పడితే ఆయన కుటుంబం, పదకొండు మంది టీచర్లు వీధిన పడతారు. కానీ ఆ పిల్లవాడికి చదవరాదని వాడి ఇంట్లో తప్ప మిగతా అన్నిచోట్లా తెలుసు. 99.73 శాతం జిల్లాలో ఒక తల్లి తన కొడుకు చదవలేడని ఎవరి నోట వింటుంది? చివరికి పదిలో ముప్పై అయిదు మార్కులు ఎలాగో వస్తాయి, ఎవరో వచ్చేలా చేస్తారు. తర్వాత ఇంటర్‌లో తెలుస్తుంది. ఇంటర్ కాలేజీ వాళ్లు బడిని తిడతారు.

బావ: సరే. అందుల నిజంగ రోగం లాంటిది ఉన్నోళ్లు ఉంటరు. అక్షరాలు తారుమారైతయి, ఎంత చెప్పినా నిలవడయి. 2016 చట్టంల నేర్చుకునే ఇబ్బందిని వైకల్యాల జాబితల చేర్చిండ్రు. అసొంటి పిల్లల కోసం మండలంల భవిత సెంటర్ ఉన్నది, వాళ్లకు చెప్పేటందుకు ఐఈఆర్పీలు ఉంటరు. తీసుకపోయినవా ఎవరినన్న?

బామ్మర్ది: ఒక్కలను తీసుకపోదామన్న. ‘మా పిలగాడు పిచ్చోడా’ అని తల్లి ఏడ్సింది. వాళ్ల మామ వచ్చి నన్ను కొట్టపోయిండు.

బావ: ముందుగాల్నే, మూడేండ్ల కింద నవ్వుకుంట చెప్తె ఏడ్వకపోవు. డెబ్బై ఎనిమిది వేసి వేసి ఒక్క పొద్దే చెప్తె ఏడ్వదా మరి?

బామ్మర్ది: అయితె ఏం చెయ్యమంటవు? చెప్పు. సారువి కదా, చెప్పు.

బావ: నేనొస్త. పొద్దుగాల సిరిసిల్ల బస్సెక్కి వస్త, వారంల నాలుగు రోజులు. పైసలొద్దు. ఫీజు తీసెయ్యి. పద్నాలుగు మందిని వచ్చింది చూసి కూసోబెట్టుదాం. ముందు తెలుగు. ఇంట్ల మాట్లాడేది, వాడల మాట్లాడేది అదే. అందుల సదువుడు పట్టుకుంటె ఇంగ్లిష్‌కు పోవచ్చు. వానికి తెలియని భాషల తెలియని అక్షరం పెడితె బొమ్మ చూసి ఎలిఫెంట్ అనక ఇంకేమంటడు?

బామ్మర్ది: తెలుగా? ఇంగ్లిష్ మీడియం అని ఫీజు కట్టి పంపుతున్నరు బావా. స్పోకెన్ ఇంగ్లిష్ అని పిలిచిన. ఇంటికి పోయి తల్లి నోట్‌బుక్కు తీస్తె అందుల ‘తాత, పాప’ అని ఉంటె ఏమంటది?

బావ: నోట్‌బుక్కు ఇంటికి పంపకు. బళ్లెనే పెట్టుకో.

బామ్మర్ది: ఇప్పుడే కదా బావా, ఇంటోళ్లకు ఎరుక లేకుండ చేస్తున్నవని నన్ను తిట్టింది?

బావ గొంతు సవరించుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లం నవ్వాం, ఆయనా నవ్వాడు, కానీ నవ్వి ఊరుకోలేదు.

బావ: సరే, పంపు. మొదటి పేజీల నేనే రాస్త. ‘మీ బాబుకు తెలుగు సదువుడు ఇంకా రాలేదు, ముందు అది నేర్పుతున్నం, తర్వాత ఇంగ్లిష్’ అని. కింద నా సంతకం. తిట్టేదుంటె నన్ను తిట్టుమను.

బామ్మర్ది: నీ సంతకం చూసి ఎవలు తిడ్తరు? టీసీ నా కాడ అడుగుతరు. పద్నాలుగు మందికి అట్ల రాసుడు నా తోటి కాదు. ముగ్గురికి రాస్త, చూస్త.

బావ: ఏ ముగ్గురు? అందరికన్న ఎనకపడ్డ ముగ్గురా?

బామ్మర్ది: కాదు. చెల్లెనో తమ్మున్నో మా బళ్లెనే ఉండి, ఇల్లు మా సందుల ఉండి, వ్యాన్ ఫీజు కట్టే స్తోమత లేనోళ్లు ముగ్గురు.

బావ: అంటె నిజం చెప్తె పోలేనోళ్లను ఏరి చెప్తవన్నట్టు.

బామ్మర్ది: అవ్ బావా. గట్లనే ఏరుత.